సేద్యమునందును గ్రామసేవయందును శ్రమించు యువజనులను గుర్తించు విధము
(కోనసీమ రైతుల ఉపయోగార్థము)

1. కోనసీమయందలి నేటి స్థితి

గౌతమి, వసిష్ఠ అను గోదావరి శాఖలకును సముద్రమునకును నడుమ కోనసీమ యున్నది. వైనతేయ పాయ దీనిని నడుమ చీల్చుచున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప అమలాపురము, కొత్తపేట ప్రాంతములకు కాలువ నీరు వచ్చెను. గన్నవరము వద్ద వైనతేయముపై కట్టిన అక్విడక్టు మూలమున ఆ నీరు ఏటిని దాటి రాజోలు ప్రాంతమునకు చేరెను. పల్లపు భూములు సార్వా, దాళ్వా వరి పొలములైనవి. మెరక దొడ్లు కొబ్బరి తోటలైనవి. తోటలలో అరటి, కంద, పసుపు, వక్క, కోకో మొదలగు పంటలు వేయుచున్నారు.

భూమికి లోటు లేదు. నీటికిని పెద్ద లోటు లేదు. లోటు కనబడుచున్నది సేద్యమునకు పూనుకొను పడుచువారి విషయముననే. చదివిన పిల్లలు పట్టణములకును, తక్కినవారిలో అనేకులు కువైటు మొదలగు గల్ఫు దేశములకును పోవుచున్నారు. కొబ్బరి దింపుటకు మనిషి దొరకక కాయలు చెట్టుననే ముదిరి రాలుచున్న తోటలు కలవు.

2011వ సంవత్సరమున కోనసీమ రైతులు సార్వా పంటకు విరామము ప్రకటించిరి. ఇంచుమించు లక్ష ఎకరముల పొలము ఊడ్పులు లేక పడియుండెను. మురుగు కాలువలు పూడి చేలు మునుగుట, కూలి ఖర్చులు పెరుగుట, ధాన్యమునకు గిట్టుబాటు ధర లేకుండుట అందులకు చెప్పబడిన ముఖ్య కారణములు. రాష్ట్ర ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతను విచారణ సంఘమును నియమించెను. 2022లోను కొన్ని మండలములలో పంట విరామపు మాట తిరిగి వినవచ్చెను. రైతుల కోపమునకు కారణము లేకపోలేదు. అయితే తండ్రి తన నోటితోనే “ఈ పొలము గిట్టదు” అనుచుండగా, ఆ మాట ప్రతిదినము వినుచు పెరిగిన కుమారుడు పొలమున నిలుచుట కష్టము.

ఇట్టి కాలమునందును సేద్యమున నిలిచిన యువకులు, యువతులు ప్రతి గ్రామమున కొందఱైనను గలరు. వారిని గ్రామమువారు గుర్తించుచున్నారా? గుర్తించినచో సరియైన రీతిని గుర్తించుచున్నారా? ఈ ప్రశ్నలకు పెద్ద రైతులు చెప్పుకొను సమాధానమును బట్టియే ఇరువది యేండ్ల తరువాత ఈ చేలను ఎవరు దున్నుదురో తేలును.

2. గుర్తింపు అనగా నేమి

గుర్తింపు అనగా దండ వేసి, శాలువ కప్పి, రెండు మాటలు పొగడుట యని సామాన్యముగా తలచుచున్నారు. అది తప్పు కాదు గాని అది కడపటి పని. మొదటి పని, ఎవడు ఏమి చేసినాడో కన్నులార చూచి, కొలిచి, వ్రాసి యుంచుట. రెండవ పని, చేసినవానికి ఇంకను పెద్ద పనిని నమ్మి అప్పగించుట.

ఈ రెండింటికిని కోనసీమలోనే దృష్టాంతములు గలవు. పందొమ్మిదవ శతాబ్దిమధ్యమున గన్నవరము అక్విడక్టు నిర్మాణభారమును కాటన్ దొర హేగ్ అను లెఫ్టినెంటుకు అప్పగించెను. లెఫ్టినెంటు అనగా సైన్యమునందు క్రింది తరగతి యువ అధికారి. 49 ఖానాల ఆ కట్టడము తరతరములు రాజోలు ప్రాంతమునకు నీరందించెను. పనిని నమ్మి యిచ్చుటయే అచ్చటి గుర్తింపు.

అదే గన్నవరమునకు చెందిన డొక్కా సీతమ్మగారు (1841–1909) త్రోవను పోవు ఆకలిగొన్నవారికి జీవితాంతము అన్నము పెట్టిరి. తరువాత కట్టిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టబడినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టెను. ఒకరి పేరు నూఱేండ్లకు పైగా నిలుచుటకు ఇతరుల కొఱకు ఎడతెగక చేసిన పనియే కారణమని దీనివలన తెలియుచున్నది.

3. ఇతర దేశముల అనుభవము

సేద్యము చేయు బాలురను, యువకులను వరుసక్రమమున గుర్తించు పద్ధతి అమెరికా దేశమున ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున బలపడెను. 1902లో ఒహైయో రాష్ట్రమున ఏ. బి. గ్రాహం అను బడి అధికారి పల్లెపిల్లలను కూర్చి వారిచేత మొక్కజొన్న, కూరగాయలు పండింపజేసి, నేలను పరీక్షింపజేసెను. ఇట్టి సంఘములే క్రమముగా “ఫోర్ హెచ్” సంఘములుగా వృద్ధిపొందినవి. వాటి గుర్తు నాలుగు ఱేకుల ఆకు. ఆ నాలుగు ఱేకులు తల, హృదయము, చేతులు, ఆరోగ్యము అను నాలుగింటిని సూచించును.

దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్న సంఘములు వెలసినవి. పది మొదలు పదునెనిమిదేండ్ల వయస్సు గల బాలుడు ఒక ఎకరమును తన చేతులతో సాగుచేయవలెను. దిగుబడిని సంబంధము లేని సాక్షులు ధ్రువపఱుపవలెను. బహుమానము నిర్ణయించుటకు నూఱు మార్కులుండెను. దిగుబడికి 30, పెట్టుబడిపై లాభమునకు 30, పది కంకుల నమూనాకు 20, పంట చరిత్రను తానే వ్రాసినందుకు 20. అనగా ఎక్కువ పండించినంత మాత్రమున మొదటి బహుమానము రాదు. ఖర్చెంతయో చెప్పగలుగవలెను, ఏమి చేసి అంత పండించెనో వ్రాసి చూపగలుగవలెను.

1910లో దక్షిణ కరోలినాయందు జెర్రీ మూర్ అను బాలుడు ఒక ఎకరమున 228 బుషెళ్లకు పైగా మొక్కజొన్న పండించెను. మన తూకమున అది సుమారు 58 క్వింటాళ్లు. ఆనాటి సాధారణ దిగుబడికి అది ఎన్నో రెట్లు అధికము. బాలుని చేలో కంటికి కనబడిన ఫలమును పెద్దలు నమ్మక తప్పినది కాదు. ఉపన్యాసములకు లొంగని తండ్రులు కొడుకుల ఎకరము చూచి తమ పద్ధతులు మార్చుకొనిరి.

ఇంగ్లాండునందు 1921లో డెవన్ మండలములోని హెమియాక్ గ్రామమున రైతుబిడ్డలు ఒక్కొక్క దూడను పెంచు సంఘము నేర్పడెను. ఆ దేశపు యువ రైతు సంఘములకు అదియే మొదలు. ఎకరమైనను, దూడయైనను సూత్రమొక్కటియే: పడుచువానికి “ఇది నాది” అని చెప్పుకొనదగిన పని యొకటి ఉండవలెను.

4. భారతదేశమున జరిగిన పని

ఆంధ్రదేశమున ఆచార్య ఎన్. జి. రంగాగారు 1930ల ప్రథమార్ధమున గుంటూరు జిల్లా నిడుబ్రోలునందు రైతు విద్యాలయమును నెలకొల్పి రైతు యువకులకు శిక్షణ యిచ్చిరి. సేద్యము చేయువానికి అర్థశాస్త్రము, హక్కులు, సహకారము తెలియవలెనని వారి యభిప్రాయము. స్వాతంత్ర్యానంతరము పంటల పోటీలు నడిపి, అత్యధికముగా పండించినవారికి “కృషి పండిత్” బిరుదు నిచ్చు పద్ధతి వచ్చెను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప యువజన సంఘములు గ్రామాభివృద్ధిలో భాగమైనవి. 2015–16లో భారత వ్యవసాయ పరిశోధన మండలి, ముప్పదియైదేండ్ల లోపు గ్రామ యువకులను సేద్యమున నిలుపుటకు “ఆర్య” అను పథకమును కృషి విజ్ఞాన కేంద్రముల మూలమున ఆరంభించెను.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపు ప్రకృతి వ్యవసాయ కార్యమునందు మహిళా స్వయంసహాయక సంఘములతో పాటు వ్యవసాయ పట్టభద్రులైన యువకులు గ్రామములలో నివసించి పనిచేసిరి. ఆ కార్యమునకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము, మఱి ఇరువురితో పాటుగా, లభించెను. సముద్రముల కావలివారు గుర్తించిన పనిని పొరుగింటివారు గుర్తింపకుండుట తగదు.

5. గుర్తింపదగిన పనులు

గ్రామమువారు ఈ క్రింది నాలుగు విధముల పనులను వేఱువేఱుగా చూడవలెను.

(అ) సొంత పైరు: తనకు అప్పగించిన మడిలోనో తోటలోనో పూర్వముకంటె మేలైన ఫలితము చూపుట. మేలైన విత్తనము వాడుట, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్టను దున్నుట, దుబారా ఖర్చు తగ్గించుట మొదలగునవి ఇందులో చేరును.

(ఆ) ఉమ్మడి పని: డెల్టా సేద్యమున ఒకని శ్రద్ధ ఒకనికి చాలదు. ఎలుకలను ఒక్కడు తన చేలో చంపినచో ప్రక్క గట్టునుండి మఱల వచ్చును. ఆయకట్టు అంతటను ఒకే వారమున ఎర పెట్టవలెను. కొబ్బరి మొవ్వును తొలుచు కొమ్ము పురుగు పేడగుంటలలోను, కుళ్లిన మోడులలోను పెరుగును. ఒకని గుంటలో పుట్టిన పురుగు పదిమంది చెట్లను పాడుచేయును. కావున ఊరి పేడగుంటలన్నిటిని తిరుగవేసి, మెటరైజియం అను శిలీంధ్రమును కలుపు పనికి యువకులే తగినవారు. మురుగు కాలువలలో గుఱ్ఱపుడెక్క పేరుకొనిన చోట క్రింది రైతు చేను మునుగును. పై రైతునకు ఆ బాధ తెలియదు. అట్టి కాలువను బాగుచేయించుటకు పదిమందిని కూర్చి తాను ముందు దిగిన యువకుడు, తన చేలో అయిదు బస్తాలు ఎక్కువ పండించిన వానికంటె గ్రామమునకు అధికముగా ఉపకరించినవాడు.

2016లో భారతదేశమున మొదట కనబడి కోనసీమకును వ్యాపించిన సర్పిలాకార తెల్లదోమ విషయమును ఇట్టిదే. దాని కొఱకు విషపు మందులు విచక్షణ లేక కొట్టినచో, దోమను చంపు ఎన్‌కార్సియా అను చిన్న పరాన్నజీవులు ముందుగా నశించును. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారు మిత్రపురుగులను, ఇసారియా అను శిలీంధ్రమును పెంచి రైతులకు అందించిరి. వాటిని తెచ్చి, వాడుట తాను నేర్చి, తోట తోటకు తిరిగి చూపిన యువకుడు గుర్తింపదగినవాడు.

(ఇ) నైపుణ్యము: కొబ్బరి దింపువారు తగ్గుచున్నారు. 2011లో కొబ్బరి అభివృద్ధి మండలి “కొబ్బరి చెట్టు మిత్రులు” అను శిక్షణను ఆరంభించి, యంత్రసాధనముతో చెట్టెక్కుట, మొవ్వు శుభ్రము చేయుట, తెగుళ్లను గుర్తించుట నేర్పెను. దింపు పనిని తక్కువ పనిగా చూచు అలవాటును రైతులు వదలవలెను. నూఱు చెట్లెక్కి ప్రతి మొవ్వును పరీక్షించినవాడు తోటకు వైద్యుడు. నేలపై నిలుచున్న యజమానికి కనబడని పురుగు వానికే ముందు కనబడును.

(ఈ) ఆపత్కాల సేవ: 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమయందు వందలాది ప్రాణములను బలిగొని, లక్షలాది కొబ్బరి చెట్లను కూల్చెను. తుపానులు, వరదలు ఈ సీమకు క్రొత్తవి కావు. లంక గ్రామములనుండి వృద్ధులను, పశువులను ముందుగా ఒడ్డుకు చేర్చుట, నీరు తీసిన పిదప మొవ్వు బ్రతికియున్న చెట్లను నిలుపుట, పంట నష్టపు వివరములు నిజముగా వ్రాయించుట, ఇవి సేవలు. వీనిని చేసినవారి పేర్లు వరద తీసిన నెలలోనే వ్రాసి యుంచవలెను. ఆలస్యమైనచో పని చేసినవాని పేరు పోయి, మాటాడినవాని పేరు నిలుచును.

6. మఱవరానివారు

గుర్తింపు సభలలో తఱుచుగా భూవసతి గల యింటి కుమారులే కనబడుదురు. ఇరువురు మఱవబడుచున్నారు.

మొదటివారు ఆడుబిడ్డలు. ఊడ్పులు, కలుపుతీత, పశుపోషణ వారి చేతులమీదుగనే జరుగుచున్నను లెక్కలో మగవారి పేరే వ్రాయబడుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుండియు, దేశమంతట 2005 నుండియు హిందూ కుటుంబములలో కుమార్తెకు ఉమ్మడి ఆస్తియందు కుమారునితో సమానమైన హక్కు చట్టరీత్యా కలిగినది. హక్కు కాగితముపై నుండి, చేలో ఆమెకు ఒక మడియైనను అప్పగింపకుండుట న్యాయము కాదు.

రెండవవారు కౌలుదారుల బిడ్డలు. కోనసీమ వరి పొలములలో పెక్కు భాగము కౌలుదారుల చేతనే సాగగుచున్నది. 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము, యజమాని అంగీకారముతో పదునొకండు నెలల ఒప్పందము వ్రాసికొని, సాగుదారు హక్కు పత్రము పొందు మార్గము నేర్పఱచెను. పంట ఋణము, భీమా, నష్ట పరిహారము సాగుచేయువానికి అందవలెనని దాని యుద్దేశము. భూమిపై యజమాని హక్కునకు దీనివలన భంగము లేదని ఆ చట్టములోనే చెప్పబడినది. అయినను పెక్కు యజమానులు భయపడి సంతకము చేయలేదు. తుపానుకు పైరు పోయిన యేట, విత్తిన యువకునికి పరిహారము రాక, విత్తని యజమానికి వచ్చుట సంభవించినచో, ఆ యువకుడు మఱుసటి యేట పొలమున కనబడడు. కౌలు యువకుని విషయమున శాలువకంటె సంతకమే పెద్ద గుర్తింపు.

7. వరి దిగుబడిని కొలుచు విధము

కంటిచూపుతో “వీని చేను బాగున్నది” అని నిర్ణయింపరాదు. రోడ్డు ప్రక్కనున్న చేను బాగుగా కనబడును. లోపలి చేనును ఎవరును చూడరు. కొలుచుటకు సులభమైన పద్ధతి కలదు.

చేను కోతకు సిద్ధమైనప్పుడు గట్టునకు దూరముగా, చీట్లు తీసి నిర్ణయించిన చోట, అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చతురమును నాలుగు మేకులు పాతి త్రాడు కట్టవలెను. అందులోని వరిని కోసి, అచ్చటనే నూర్చి, తూర్పారబట్టి, ఎండబెట్టి తూచవలెను. ఎకరమున ఇట్టి చతురములు సుమారు 162 ఉండును. కావున ఎండిన గింజల తూకమును 162తో గుణించినచో ఎకరపు దిగుబడి వచ్చును. ఉదాహరణమునకు, 12 కిలోలు వచ్చినచో ఎకరమునకు 1,944 కిలోలు. అనగా 75 కిలోల బస్తాలు సుమారు 26. పచ్చి గింజలను తూచినచో తేమ బరువు కలిసి ఎక్కువ కనబడును గనుక ఎండబెట్టుట తప్పనిసరి. ఒక చేలో రెండు మూడు చోట్ల కోసి సగటు తీయుట మంచిది.

8. కొబ్బరి తోట విషయమున జాగ్రత్త

కొబ్బరి తోటకు ఒక యేటి కాయల లెక్కతో బహుమానము నిర్ణయించుట అన్యాయము. కొబ్బరి గెల చెట్టు లోపల రూపుదిద్దుకొనుట మొదలైన తరువాత అది పొత్తి విడి బయటపడుటకు సుమారు 32 నెలలు పట్టును. బయటపడిన పిదప కాయ ముదురుటకు ఇంచుమించు మఱి 12 నెలలు పట్టును. అనగా ఈ దినము దింపిన కాయకు మూలము మూడున్నర యేండ్లకు మునుపటి పోషణలో నున్నది. నేడు కాయలు ఎక్కువగా నున్నచో ఆ ఘనత పూర్వము ఎరువు వేసిన తండ్రిదో, అన్నదో కావచ్చును. నేడు తోటను చేతికి తీసికొనిన యువకుని శ్రమ నాలుగవ యేట గాని పూర్తిగా కనబడదు.

కావున తోట యువకుని విషయమున మొదటి మూడేండ్లు చేసిన పనినే చూడవలెను: పాదులు తీసెనా, ఎరువు కాలమున వేసెనా, మొవ్వులోని కొమ్ము పురుగును తీసెనా, ఎఱ్ఱముక్కు పురుగు పట్టిన చెట్టును ముందుగా కనిపెట్టెనా, చనిపోయిన చెట్టు స్థానమున మొక్క నాటి బ్రతికించెనా, అంతర పంట వేసెనా. పది చెట్లకు గుర్తు పెట్టి, ప్రతి దింపునకు వాటి కాయలను లెక్కించి వ్రాసినచో నాలుగవ యేటికి నిజము దానంతట తెలియును.

9. లెక్కల పుస్తకము

లెక్క లేని సేద్యమునకు గుర్తింపు ఇయ్యరాదు. పుస్తకమున తేదీ, చేసిన పని, పట్టిన మనుష్యులు, ఇంటివారి సొంత కూలి, విత్తనము, ఎరువు, మందు, నూర్పిడి, అమ్మిన ధర వరుసగా వ్రాయవలెను. తప్పిదములను గూడ వ్రాయవలెను. ఆకుమడి ఎందుకు పాడైనదో వ్రాసిన పుటవలన పదిమంది జాగ్రత్తపడుదురు.

దీని యుపయోగము ఈ ఉదాహరణమువలన తెలియును. ఒక యువకుడు ఎకరమునకు 32 బస్తాలు పండించెను. అతని ఖర్చు 22 బస్తాల విలువ. ఇంకొకడు 27 బస్తాలే పండించెను. అతని ఖర్చు 15 బస్తాల విలువ. మొదటివానికి మిగిలినవి 10, రెండవవానికి మిగిలినవి 12. అంతేకాక మొదటివాని చేను క్రిందటి యేటనే 31 బస్తాలు పండిన మెరక చేను. రెండవవానిది మురుగు ప్రక్కనున్న పల్లము. క్రిందటి యేట 20 బస్తాలే పండినది. చూచువారు మొదటివానినే పొగడుదురు. పుస్తకము చూచినవారు రెండవవానిని ముందు నిలుపుదురు.

గ్రామమువారు నూఱు మార్కులను ఈ రీతిని పంచుకొనవచ్చును: మిగిలిన లాభమునకు 30, క్రిందటి యేటికంటె పెరిగిన దిగుబడికి 20, లెక్కల పుస్తకమునకు 20, ఉమ్మడి పనికి 30. ఉమ్మడి పనిలో ఏమియు చేయనివానికి, ఎంత పండించినను, ప్రథమ స్థానము రాకుండునట్లు నిబంధన పెట్టుకొనుట మేలు.

10. నిర్ణయించువారు

నిర్ణయించువారు అయిదుగురు చాలుదురు. అందొకరు స్త్రీ, ఒకరు కౌలుదారు, ఒకరు ప్రక్క గ్రామపు రైతు కావలెను. పోటీలో నున్నవారి దగ్గఱ బంధువులు ఆ యేడు తప్పుకొనవలెను. కులము, కక్ష, ఎన్నికల మాట ఆ బల్లపైకి రానీయరాదు. “మా తాతలు నేతులు త్రాగినారు” అను వాదమునకు మార్కులు లేవు. నిర్ణయమునకు గల కారణములను మార్కులతో సహా రైతులందఱ యెదుట చదివి వినిపింపవలెను. ఒక్కసారి పక్షపాతము జరిగినచో, నిజముగా శ్రమించినవారు మఱల పోటీకి రారు.

చిన్నవారి విషయమున మఱియొక జాగ్రత్త వలయును. బడి మానిపించి బహుమానము కొఱకు పనిచేయింపరాదు. పురుగుమందులు కలుపుట, చల్లుట, చెట్టెక్కుట బాలురకు అప్పగింపరాదు. వారికి పెరటి కూరగాయలు, కోళ్లు, దూడ చాలును.

11. ఇయ్యదగిన బహుమానములు

వెండి పళ్లెము అలమారలో నుండును. క్రింది బహుమానములు పొలమున నుండును.

ప్రతి భూవసతి గల రైతు తన కుమారునికో, కుమార్తెకో ఇరువది సెంట్లకు తక్కువ కాకుండ ఒక మడిని మూడేండ్లపాటు పూర్తిగా విడిచిపెట్టవలెను. ఏమి విత్తవలెనో వారే నిర్ణయింపవలెను. నష్టము వచ్చినను మందలింపరాదు. లాభము వచ్చినచో అది వారిదే కావలెను. ఇంటి సేద్యమున ఏండ్ల తరబడి పనిచేసి, చేతిలో తనదను రూపాయి లేనివాడు ఊరు విడుచుటలో ఆశ్చర్యము లేదు. దూరపు కొండలు నునుపు అని వానికి బోధించుటకంటె, దగ్గఱి మడిని వాని చేతికిచ్చుట మేలు.

1997 చట్టము ప్రకారము ఏర్పడిన నీటి సంఘముల వ్యవహారములు, మురుగు కాలువల పనులు చర్చకు వచ్చినప్పుడు పెద్దలు యువకులను వెంట తీసికొనిపోయి, వారిచేత మాటాడింపవలెను. ఉమ్మడి పనిలో సమర్థత చూపినవానికి ఆ యేటి ఎలుకల నివారణ, మిత్రపురుగుల పంపకము వంటి పనియొకదానిని, దాని లెక్కతో సహా, అప్పగింపవలెను. అంబాజీపేట పరిశోధన స్థానమునకో, కృషి విజ్ఞాన కేంద్రమునకో శిక్షణకై పంపు ఖర్చును గ్రామము భరించుటయు మంచి బహుమానమే.

12. ముగింపు

కొబ్బరి మొక్కను నాటిన రైతు దాని పూర్తి ఫలమును తానొక్కడే తినవలెనని నాటడు; తరువాతివారు తిందురని నాటును. యువజనుల గుర్తింపును అట్టిదే. దాని ఫలము ఒక యేట కనబడదు. కోనసీమలోని ప్రతి గ్రామమున రైతులు ఈ సార్వా నుండియే ఒక పుస్తకము తెఱచి, సేద్యమున నిలిచిన యువకుల, యువతుల పేర్లు వ్రాసి, ఒక్కొక్క పేరు కెదురుగా వారు చేసిన పనిని, గ్రామము వారికి అప్పగించిన క్రొత్త పనిని వ్రాయవలెను. రెండవ వరుస ఖాళీగా నున్నంతకాలము గుర్తింపు పూర్తి కాలేదని తెలిసికొనవలెను.